గిటార్‌తో పాటు ఒక కాగితం, ఒక చిన్న చావీ



ఈసారి కిస్సా ఒక గిటార్‌ది. "మన ఇళ్లల్లో గిటారేంటి భాయ్?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. సంగీతం జాయజా, నాజాయజా అనే బహస్ మా ఇంట్లోనూ జరిగింది. మా భాయీజాన్ ఒక నెల పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ బహస్ ఉలమాలకి వదిలేస్తున్నా. ఈరోజు నేను చెప్పేది వేరే. ఒక వస్తువు అమ్మేటప్పుడు దాన్ని ఎలా చూసుకోవాలో కూడా చెప్పే జిమ్మేదారీ ఎవరిది అన్నదే నా ప్రశ్న. మీ ఇంట్లో గిటార్ లేకపోయినా పర్లేదు. పిల్లలుంటే చాలు, ఈ కిస్సా మీక్కూడా పనికొస్తుంది.

మా బేటీ పదో తరగతి పరీక్షలు బాగా రాసింది. "ఏం కావాలి బేటీ?" అంటే గిటార్ అంది. మే నెల ఎండలో ఒంగోలు నుంచి బెజవాడ వెళ్లి, తొమ్మిది వేలు పెట్టి స్టీలు తీగల గిటార్ ఒకటి కొన్నాం. డబ్బాలో గిటారు, గుడ్డ సంచీ, ప్లాస్టిక్ మీటుడు బిళ్లలు రెండు, గ్యారంటీ కార్డు ఒకటి ఉన్నాయి. ఆ కార్డు మీద షాపు ముద్ర కూడా సరిగ్గా పడలేదు. అంతే. దాన్ని ఎలా పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టకూడదు, తేడా వస్తే ఏం చూడాలి... ఒక్క ముక్క రాసిన కాగితం లేదు. మాకూ అడగాలని తోచలేదు. రెండొందల రూపాయల మిక్సీ జారుకి కూడా కాగితం వస్తుంది కదా అన్న ఖయాల్ నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

మొదటి మూడు నెలలూ ఇల్లంతా ఖుషీ. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకునేది. మగ్రిబ్ తర్వాత ఒక గంట, అదీ తలుపు వేసుకుని. మా బేగం కూడా వంటింట్లోంచి చెవి అటు వేసేది.

అక్టోబర్ వచ్చింది. మా వైపు వానలు మీకు తెలుసు కదా, అక్టోబర్, నవంబర్‌లోనే గట్టిగా పడతాయి. పప్పు డబ్బాలో తేమ, బీరువా తలుపు బిగుసుకుపోవడం, గోడలకి చెమ్మ. ఆ రోజుల్లోనే పిల్ల గిటార్ తీయడం తగ్గించింది. అడిగితే "వేళ్లు నొప్పి అబ్బా" అంది. చూస్తే ఎడమచేతి వేళ్ల చివర్లు కందిపోయి, ఒకదాని మీద తోలు లేచిపోయి ఉంది. కొత్తలో ఎవరికైనా అంతే, సబర్ చెయ్యి అన్నాను. ఇంకో పదిహేను రోజులకి గిటార్ గోడకి ఎక్కింది.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి శరం వేస్తోంది. అయినా రాస్తా. "తొమ్మిది వేలు పోసి కొన్న షౌక్ ఆర్నెల్లు కూడా లేదా? మేహనత్ చేయడం మీ తరానికి రాదు" అన్నాను. అదీ చుట్టాల ముందు. పిల్ల ఏం మాట్లాడలేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది. తర్వాత వాళ్లమ్మతో అందట, "నా చేతులు చిన్నవి అమ్మీ, నా వల్ల కాదులే" అని.

డిసెంబర్‌లో మా భాంజా హైదరాబాద్ నుంచి వచ్చాడు. వాడికి గిటార్ సంగతులు బాగా తెలుసు. గోడ మీది గిటార్ తీసి, మీటకముందే ఒక కన్ను మూసి మెడ వెంబడి చూశాడు, వడ్రంగి పలక వంకర చూసినట్టు. తర్వాత ఒక తీగని మొదటి గడి దగ్గర ఒక వేలితో, మెడ వచ్చి డొప్పని కలిసే చోట ఇంకో వేలితో నొక్కిపట్టి, మధ్యలో ఏడో గడి దగ్గర నా విజిటింగ్ కార్డు దూర్చాడు. కార్డు హాయిగా దూరి ఇంకా ఖాళీ మిగిలింది.

"మామూ, ఇది కార్డుని కాస్త తాకేంత ఉండాలి. పావు మిల్లీమీటరు చాలు. దీని మెడ వంగిపోయింది. దీని మీద నేను కూడా వాయించలేను. పాప ఎలా వాయిస్తుంది?" అన్నాడు.

నేను పిల్ల వైపు చూశాను. అది నా వైపు చూడలేదు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. స్టీలు తీగల గిటార్ మీద ఆరు తీగలూ కలిసి లాగే బలం 70 కిలోలకు పైనే ఉంటుంది. అంటే ఒక మనిషి బరువు రాత్రీ పగలూ ఆ సన్నటి చెక్క మెడని ముందుకి లాగుతూ ఉంటుంది. దాన్ని ఎదుర్కోడానికి మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ పెడతారు. దాని పేరు ట్రస్ రాడ్. ఒక మరని తిప్పి ఆ కడ్డీని బిగించవచ్చు, వదులు చేయవచ్చు. ఈ ఇంతిజామ్‌కి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లోనే పేటెంట్ తీసుకున్నాడు. మార్టిన్ లాంటి పాత కంపెనీ తన గిటార్లలో తిప్పుకునే కడ్డీ పెట్టింది మాత్రం 1985లో. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లకి లాగుడు తక్కువ కాబట్టి మామూలుగా ఈ కడ్డీయే ఉండదు.

చెక్క చచ్చిన చెట్టే అయినా మౌసమ్‌ని మర్చిపోదు. తేమ ఎక్కువైతే పీల్చుకుని ఉబ్బుతుంది. గిటార్ ముందు పలక పైకి లేస్తుంది, దాంతో పాటు తీగలూ లేస్తాయి. బాగా ఎండిపోతే పలక కుంగుతుంది, గడుల లోహపు అంచులు పక్కకి పొడుచుకొస్తాయి, చెక్క పగలనూ వచ్చు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి హాయి అంటారు. మన ఒంగోలు వానల్లో ఆ లెక్క ఎక్కడ? మే నెల ఎండలో కొన్న సాజ్‌ని నవంబర్ చెమ్మలో బయటి గోడకి తగిలించాం. ఇంకేం, దాని మెడ వంగింది, మా పిల్ల మనసు విరిగింది.

భాంజా తన సంచీలోంచి ఒక చావీ తీశాడు. ఎల్ ఆకారంలో ఉండే అలెన్ కీ, చిటికెన వేలంత. తీగలు కాస్త వదులు చేసి, డొప్ప రంధ్రంలోంచి చావీ పెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పాడు. మళ్లీ శ్రుతి చేసి చూశాడు. ఇంకో పావు చుట్టు. కార్డు ఈసారి తీగని తాకింది.

"కడ్డీ పని మెడని సరిచేయడం వరకే మామూ. తీగల ఎత్తు ఇంకా కొంచెం ఉంది. పన్నెండో గడి దగ్గర లావు తీగకి రెండున్నర మిల్లీమీటర్లు, సన్నతీగకి రెండు ఉంటే చాలు. మిగిలింది కింద బ్రిడ్జి మీదున్న తెల్ల పట్టీ అడుగు అరగదీస్తే వస్తుంది. అది పనివాడు చేయాల్సింది. కడ్డీతోనే అంతా దించేద్దామని తిప్పుతూ పోతే విరుగుతుంది" అన్నాడు.

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. పిల్ల చేతికిచ్చాడు. అది ఒక కార్డ్ పట్టి మీటింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆరు తీగలూ పలికాయి. దాని మొహంలో ఖుషీ కనిపిస్తుందనుకున్నా. కళ్లల్లో నీళ్లు కనిపించాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మీ గుర్తొచ్చింది.

మా అమ్మీ కుట్టుమిషన్ మీద మా నలుగురినీ పెంచింది. ఆ మిషన్ కొన్ననాడు సొరుగులో చిన్న నూనె డబ్బా, పెద్దదొకటి చిన్నదొకటి స్క్రూడ్రైవర్లు, నాలుగు బాబిన్లు, బొమ్మల పుస్తకం ఒకటి వచ్చాయి. అమ్మీకి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూసి నేర్చుకుంది, ఎక్కడ నూనె చుక్క వేయాలో, సూది ఎటువైపు తిప్పి పెట్టాలో. నేను పక్కన కూర్చుని అంకెలు చదివి పెట్టేవాణ్ణి. ఒకసారి మా అక్క లంగా కుడుతుంటే గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడింది. ముతక బట్ట తెచ్చారని విసుక్కుంది. అమ్మీ కళ్లద్దాలు సర్దుకుంటూ, "బట్టని తిట్టకు బేటీ. ముందు దారం బిగువు చూడు" అంది. చిన్న మర కొంచెం తిప్పింది. కుట్టు సరిగ్గా పడింది.

అంత చెప్పిన అమ్మీ కొడుకుని నేను. దారం బిగువు చూడకుండా బట్టని తిట్టాను.

తర్వాత పనిమీద బెజవాడ వెళ్లినప్పుడు ఆ షాపులో ఆగాను. గొడవ పడటానికి కాదు, అడగడానికి. షాపాయన మర్యాదగానే చెప్పాడు. "సార్, డబ్బాలో వచ్చిందే ఇస్తాం. చావీ ఇస్తే ప్రతివాడూ తిప్పేస్తాడు. కడ్డీ విరిగితే మా నెత్తికే వస్తుంది. అయినా అందరికీ యూట్యూబ్ ఉంది కదా!"

ఆయన మాటలో ఇన్సాఫ్ లేకపోలేదు. తెలియనివాడి చేతిలో ఆ చావీ ఖతర్నాకే. తొమ్మిది వేల గిటార్‌లో కడ్డీ విరిగితే మరమ్మతు ఖర్చు కన్నా కొత్తది కొనడమే నయం. కానీ ఆలోచించండి. చావీ ఇవ్వకపోతే తిప్పకుండా ఉంటారా? పక్కింటి మెకానిక్ దగ్గర తెచ్చిన ఏదో చావీ పెట్టి మర అంచులు అరగదీస్తారు. ఒక గిటార్‌కి నాలుగు మిల్లీమీటర్ల చావీ, ఇంకోదానికి ఐదు. కొన్నిటికి మర తల దగ్గర మూత కింద ఉంటుంది, కొన్నిటికి డొప్ప లోపల. ఏ గిటార్‌కి ఏది సరిపోతుందో చేసినవాడికే తెలుసు. కాబట్టి ఆ చావీ చేసినవాడే ఇవ్వాలి. యూట్యూబ్ సంగతా? అందులో వేల వీడియోలున్నాయి, నిజమే. కానీ లోపం గిటార్‌లో ఉందని తెలిసినవాడే ఆ వీడియో వెతుకుతాడు. లోపం తన చేతుల్లో ఉందనుకునే పదహారేళ్ల పిల్ల ఏం వెతుకుతుంది?

కాగితం అవసరం అక్కడే ఉంది. అది మరమ్మతు నేర్పక్కర్లేదు. "ఇది మౌసమ్‌తో మారుతుంది, తప్పు నీది కాకపోవచ్చు" అన్న ఒక్క మాట చెబితే చాలు.

నిజానికి మన సాజ్‌లకి ఈ రివాజ్ ఎప్పట్నుంచో ఉంది. ఉర్సుల్లో ఖవ్వాలీ వినేవాళ్లు చూసే ఉంటారు, తబలా పక్కన చిన్న సుత్తి ఉంటుంది. తబలా సెట్టు కొంటే చాలాచోట్ల ఆ సుత్తి కూడా ఇస్తారు. పక్కనున్న చెక్క గట్టాల మీద తట్టి శ్రుతి చేసుకోవాలి. దాన్ని ఎవరూ మరమ్మతు అనరు, వాయించడంలో భాగమే అంటారు. ఇక నాదస్వరం. మా ఒంగోలు పక్కనే ఉన్న కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా సాహెబ్ పేరు వినని తెలుగు ముసల్మాన్ ఉండకూడదు. ఆ వాద్యాన్ని దగ్గర్నుంచి చూడండి. పీకకి కట్టిన దారానికి అదనపు పీకలు, వాటిని శుభ్రం చేసే చిన్న పుల్ల వేలాడుతుంటాయి. సాజ్ తన ఔజార్‌ని తన ఒంటి మీదే మోస్తుంది. గిటార్ కంపెనీలు కూడా కొన్ని, ముఖ్యంగా ఖరీదైన వాటితో, చావీలు పెడుతున్నాయి. కొత్తగా నేర్చుకునేవాడు కొనే చవక గిటార్‌కే ఏమీ రాదు. అవసరం ఎక్కువ ఉన్నది వాడికే.

ఒకే పేజీ కాగితం చాలంటాను. గోడకి, ఎండకి, కారు డిక్కీకి దూరంగా పెట్టండి. తీగలు ఎత్తుగా అనిపిస్తే ఇలా కొలిచి చూడండి. ఈ గిటార్‌కి ఈ చావీయే. ఒకసారికి పావు చుట్టు మించొద్దు, బిగుసుకుంటే ఆపేసి పనివాడి దగ్గరికి వెళ్లండి. ఇంతే. అదీ తెలుగులో. తెలుగువాళ్లకి అమ్మేటప్పుడు తెలుగులో చెప్పడం ఎహసాన్ కాదు, హక్ అది. వస్తువు లోపం దాచి అమ్మకూడదని మనకి చిన్నప్పుడే నేర్పారు. దాని స్వభావం చెప్పకుండా అమ్మడం కూడా ఆ దారిలోనిదే అని నాకనిపిస్తుంది.

కంపెనీలు నా మాట వింటాయా? ఏమో. మీరు కొనేటప్పుడు మాత్రం మూడు అడగండి. మెడ సరిచూసి ఇస్తారా? దీని చావీ ఏది? తేడా వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? జవాబు లేకపోతే పక్క షాపుకి నడవండి.

మా బేటీకి మాఫీ చెప్పాను, ఆ చుట్టాల ముందే కాదు గానీ వాళ్లమ్మ ముందు చెప్పాను. "పర్లేదు అబ్బా" అంది. పూర్తిగా పర్లేదో లేదో నాకు తెలీదు. మళ్లీ వాయిస్తోంది, రోజూ మాత్రం కాదు. గిటార్ ఇప్పుడు లోపలి గదిలో, గోడకి దూరంగా ఉంటోంది. భాంజా చావీ మాకే వదిలి వెళ్లాడు. అది అమ్మీ కుట్టుమిషన్ సొరుగులో, ఆ చిన్న స్క్రూడ్రైవర్ పక్కన ఉంది.

మీ ఇంట్లో పిల్లలు ఏదైనా మధ్యలో వదిలేస్తే, గుస్సా చేసే ముందు ఒక్కసారి ఆ వస్తువుని చేతిలోకి తీసుకుని చూడండి. నేను చూడలేదు.

ఖుదా హాఫిజ్.