రెండు దేశాలు అలిగితే... ఒక దీవి!

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఉత్తరపు కొండమీదకు ఎక్కి చూస్తే సముద్రానికి అవతల మరో దేశం కనిపిస్తుంది. రాత్రయితే అక్కడి దీపాలూ మిణుకుమంటాయి. కాళ్ల కింది నేల జపాన్‌ది. ఎదుట కనిపించేది దక్షిణ కొరియాలోని బూసాన్. ఆ దీవి పేరు సుషిమా.

సుషిమా నుంచి కొరియా తీరం 50 కిలోమీటర్లే! సొంత దేశంలోని క్యూషూ దీవి అంతకన్నా దూరం. బూసాన్‌లో పడవెక్కితే దాదాపు గంటన్నరలో హితకత్సు రేవులో దిగొచ్చు. అందుకే కొరియన్లకు ఇది ఆదివారం షికారు లాంటిది. కొండలెక్కుతారు, గాలం వేస్తారు, మియుదా తీరంలో తెల్లటి ఇసుకమీద నడుస్తారు. సంచులనిండా సరుకులతో తిరిగెళ్తారు. దీవి జనాభా 30 వేల లోపే. 2018లో వచ్చిన కొరియన్లు నాలుగు లక్షల పైనే!

కొనం... వెళ్లం!

వలస పాలనలో బలవంతంగా పనిచేయించుకున్నవారికి జపాన్ కంపెనీ పరిహారం చెల్లించాలని 2018 అక్టోబరులో కొరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి జులైలో చిప్‌ల తయారీకి కావాల్సిన సరుకు ఎగుమతులపై జపాన్ ఆంక్షలు పెట్టింది. కొరియన్లు భగ్గుమన్నారు. 'జపాన్ వస్తువులు కొనం, జపాన్‌కు వెళ్లం' అన్నారు. 2019 అక్టోబరులో జపాన్ వెళ్లిన కొరియన్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే మూడోవంతే. అప్పటికే వారికి ఇష్టమైన వియత్నాంకు అదే ఏడాది 43 లక్షలమంది వెళ్లారు.

టోక్యోకు రావడానికి ఇంకా ఎందరో ఉన్నారు. సుషిమాకు ఎవరున్నారు? కొరియా భాషలో బోర్డులు పెట్టుకున్న హోటళ్లూ, దుకాణాలూ బోసిపోయాయి. తర్వాత కరోనాతో పడవలే ఆగిపోయాయి.

దొంగ ఉత్తరాల రాయబారం

ఇలాంటి కష్టం ఈ దీవికి కొత్తకాదు. సాగుభూమి తక్కువ, కొరియాతో వ్యాపారమే బతుకు. 1592-98 యుద్ధంతో అది తెగిపోతే, ఇక్కడి సో వంశ ప్రభువులు ఏకంగా రాజుల పేరిట దొంగ ఉత్తరాలు సృష్టించి రెండు దేశాలనూ కలిపారు! 1607 నుంచి 1811 దాకా 12సార్లు కొరియా రాయబార బృందాలు ఈ దీవికి వచ్చాయి. కొరియా భాష నేర్చి, నిజాయతీతో మెలగడమే స్నేహమని చెప్పిన పండితుడు అమెనోమొరి హోషూ కొలువుచేసిందీ ఇక్కడే.

మనకూ ఇది తెలిసిన కథే. 2024లో మాల్దీవులతో మాట పట్టింపు వస్తే మనవాళ్లు ఎందరో అటు వెళ్లడం మానుకున్నారు. కోపం రాజధానులమీద. నష్టం మాత్రం రేవులో గది అద్దెకిచ్చేవాళ్లకి.

2023 ఫిబ్రవరిలో బూసాన్ పడవలు మళ్లీ మొదలయ్యాయి. 2024లో జపాన్ చూసిన కొరియన్లు రికార్డు స్థాయిలో 88 లక్షలు!

ఎలా వెళ్లాలి: జపాన్‌లోని ఫుకువోకా నుంచి విమానాలూ, ఓడలూ ఉన్నాయి. మనకు జపాన్ వీసా తప్పనిసరి. ఇజుహారాలో సో ప్రభువుల సమాధులున్న బాన్షోయిన్ ఆలయం, రాతి దీపస్తంభాల మధ్య సాగే దాని 132 మెట్లు చూడటం మరవొద్దు.