మంత్రాలయం దారిలో రెండూళ్లు

రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుని వెంటనే తిరుగు బస్సెక్కేస్తారు చాలామంది. అదే దారిలో ఉన్న ఆదోనిలో, ఎమ్మిగనూరులో దిగి చూసేవాళ్లు తక్కువ. ఉగ్గాని తినడానికి, కోట ఎక్కడానికి, మగ్గం బట్ట కొనడానికి ఒక్క రోజు ఎక్కువ పెట్టుకుంటే చాలు!

పొద్దున ఆరున్నరకే ఆదోనిలో నూనె కాగుతుంది. హోటల్ ముందు పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేగుతుంటాయి. లోపల పెద్ద గిన్నె నిండా పసుపుపచ్చగా ఉగ్గాని. ఈ ఊళ్లో ఆ రెండూ విడదీయరాని జంట. బజ్జీ వద్దు, ఒట్టి ఉగ్గాని చాలంటే ‘‘కొత్తగా వచ్చినారాన్నా?’’ అని నవ్వుతారు.

ఉగ్గాని చేయడం చూడ్డానికి సులువే. బొరుగుల్ని నీళ్లలో వేసి, మెత్తబడగానే గట్టిగా పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. కిటుకంతా నానబెట్టడంలో ఉంది. ఒక్క నిమిషం ఎక్కువైతే ముద్దయిపోతుంది, తక్కువైతే గొంతు పట్టుకుంటుంది. పేరున్న హోటల్ ఎక్కడా అని వెతుక్కోనక్కర్లేదు. బజ్జీలు అప్పటికప్పుడు వేస్తున్నారా, ఉగ్గాని మీద ఆవిరి కనిపిస్తోందా? అంతవరకు చూసుకోండి చాలు. పది దాటాక మాత్రం వెళ్లకండి. మిగిలింది, చల్లారింది తినాల్సి వస్తుంది.

నవాబు ఇచ్చిన ఊరు

కడుపు నిండింది కదా, ఇక కొంచెం చరిత్ర. మంత్రాలయానికీ ఆదోనికీ ఉన్న చుట్టరికం చాలామంది యాత్రికులకు తెలియదు. రాఘవేంద్రస్వామి 1671లో జీవసమాధి అయిన మంచాల గ్రామాన్ని ఆయనకు ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖానేనని మఠం సంప్రదాయంలో చెబుతారు. స్వామిని పరీక్షించడానికి పళ్లెంలో మాంసం పెట్టి, గుడ్డ కప్పి పంపాడనీ, గుడ్డ తీస్తే పళ్లు కనిపించాయనీ భక్తుల కథ. చదువురాని వెంకన్న స్వామి దయతో అక్షరాలు చదివి ఆదోని దివాను అయ్యాడన్న కథా ఈ ఊరిదే.

సిద్దీల మూలాలు ఆఫ్రికాలోని అబిసీనియా ప్రాంతంలో ఉన్నాయి. ఆ వంశపు మసూద్ ఖాన్ బీజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని ఏలాడు. ఊళ్లోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. రాతి తోరణాలు, మినార్లు తీరిగ్గా చూడాల్సినవి. ఔరంగజేబు సైన్యం 1688లో కోటను ముట్టడించినప్పుడు ఫిరంగుల్ని ఈ మసీదు వైపు తిప్పారట. కోట పోయినా ఫర్వాలేదు, మసీదుకు దెబ్బ తగలకూడదని మసూద్ ఖాన్ లొంగిపోయాడని చెప్పుకుంటారు. నమాజు వేళలు కాకుండా చూసుకుని, నిండుగా బట్టలు వేసుకుని వెళ్లండి.

కోట ఎక్కుదామా?

ఆదోని కోట ఒక్క కొండ మీద లేదు. గుండ్రంగా గుంపుకట్టిన అయిదు కొండల్ని కలుపుతూ కట్టారు. వాటిలో బారాకిల్లా, తాలిబండ పెద్దవి. విజయనగర రాజుల కాలంలో ఇది గట్టి దుర్గం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత బీజాపూర్ చేతికి పోయింది. ఆపైన మొగలులు, నిజాం వంశీకుడు బసాలత్ జంగ్, 1786లో టిప్పుసుల్తాన్... ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. టిప్పు పట్టుకున్న కోటను అట్టే ఉంచలేదు, గోడలు పడగొట్టించాడు. ఇప్పుడు మనకు కనిపించే శిథిలాల వెనకున్న కథ అదే. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చేశాడు.

ఎక్కేటప్పుడు తిండీ నీళ్లూ వెంట ఉండాలి. పైన అంగళ్లుండవు. పొద్దున ఎండ ముదరకముందే బయల్దేరాలి. ఒంటరిగా కాకుండా ఊరివాళ్లెవరినైనా తోడు తీసుకెళ్తే దారి తప్పరు. అంత ఎక్కలేనివాళ్లకు రణమండల కొండ ఉంది. మెట్లెక్కి ఆంజనేయుణ్ని దర్శించుకుని వెనక్కి తిరిగితే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది. శ్రావణ శనివారాల్లో మాత్రం జనం కిటకిటలాడతారు.

ఊళ్లో మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడిని చూడకుండా రావద్దు. పేద దళిత కుటుంబంలో పుట్టి, పిచ్చిదని అనిపించుకుంటూ వీధుల్లో తిరిగిన అవధూత ఆమె. ఇప్పుడు ఊరు ఊరంతా ఆమె రథం లాగుతుంది.

రెండో బొంబాయి

ఆదోనికి ఆ పేరు తెచ్చింది పత్తి. ముంబై-చెన్నై రైలు మార్గం మీద ఉండటంతో జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, బట్టల దుకాణాలు, బంగారం అంగళ్లు వచ్చిపడ్డాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే బజారులో ఒకే బేరం తెలుగులో మొదలై, కన్నడంలో సాగి, ఉర్దూలో ముగిసినా ఎవరూ ఆశ్చర్యపోరు.

శీతాకాలంలో వస్తే మార్కెట్ యార్డు వైపు వెళ్లండి. తెల్లటి గుట్టలు, వాటి మధ్య రైతులు, గుప్పెడు దూది తీసి పోగు లాగి చూసే వ్యాపారులు! వేరుశనగ, ఆముదాలూ ఇక్కడికే వస్తాయి. కానీ ఇదే పడమటి మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడాది ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకో, హైదరాబాద్, బెంగళూరుల్లో కూలికో వెళ్లిపోతారు. ఈ ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ తాళాల్నీ చూడాలి.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె అడగండి. చేత్తో తట్టి, పెనం మీంచి తీసి నేరుగా పళ్లెంలో వేసింది కావాలి. పక్కన గుత్తివంకాయ కూర, వేరుశనగ గింజలతో చేసిన ఊరుబిండి ఉంటే ఇక వేరే కూర అడగరు. ఊరుబిండి కారం ఎక్కువే. మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

సోమప్ప నాటిన మగ్గం

ఆదోని నుంచి సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే ఎమ్మిగనూరు. ఇక్కడ నడిబొడ్డు పేరు సోమప్ప సర్కిల్. ఆ సోమప్పే మాచాని సోమప్ప. దళారుల అప్పుల్లో చిక్కిన నేతగాళ్లను కూడగట్టి 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం పెట్టించారు. నూలు సంఘమే ఇవ్వడం, బట్ట సంఘమే కొనడం, నేసినవాడికి కూలి చేతికందడం... ఇదీ ఆయన పద్ధతి. కేంద్ర ప్రభుత్వం 1954లో పద్మశ్రీ ఇచ్చింది. ఆ ఏడాదే ఆ పురస్కారం మొదలైంది.

ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. ఇప్పుడు ఆ వైభవం లేదు. సంఘం చిక్కిపోయింది, మగ్గాల చప్పుడు తగ్గింది. నేతగాడి కొడుకు మగ్గం గుంతలో కాలు పెట్టడానికి ఇష్టపడట్లేదు. దానికో కారణం మన చేతిలోనే ఉంది. మరమగ్గం మీద నేసిన బట్టను చేనేత అని చెప్పి తక్కువ ధరకు అమ్ముతుంటే మనం కొనేస్తున్నాం. 1985 నాటి చట్టం ప్రకారం దుప్పట్లు, తువ్వాళ్లు సహా 11 రకాల బట్టల్లో చట్టం చెప్పిన కొన్నింటిని చేమగ్గం మీదే నేయాలి. కానీ చట్టం అంగడి గల్లాపెట్టె దాకా రావడం కష్టం.

మరి అసలుదాన్ని గుర్తుపట్టేదెలా? అంచుల వెంబడి చూడండి. నేసేటప్పుడు బట్టను బిగించి పట్టే కర్ర సూదుల గుర్తులు వరసగా, సన్నటి చిల్లుల్లా కనిపిస్తాయి. పోగులు అక్కడక్కడా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. అది లోపం కాదు, మనిషి చెయ్యి పడ్డ గుర్తు. 2006 నుంచి వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు చీటీ ఉంటే మరీ మంచిది. వీలైతే నేసేవాళ్ల దగ్గరో, సంఘం దగ్గరో కొనండి. బేరం ఆడేముందు ఒక్కసారి మగ్గం దగ్గర నిలబడి పడుగూ పేకా కలిసే తీరు చూడండి. ఆ తర్వాత బేరం నోట రాదు.

జనవరిలో వస్తే నీలకంఠేశ్వరస్వామి జాతర చూడొచ్చు. పుష్య పౌర్ణమి వేళ రథం కదులుతుంది. పశువుల సంతలో ఎద్దుల ఠీవి చూడ్డానికే రైతులు దూరాల నుంచి వస్తారు.

గుడికి వచ్చిన మనిషి హుండీలో వేసే డబ్బు గుడిదే. పక్క ఊళ్లో రెండు ప్లేట్ల ఉగ్గానికీ, ఒక దుప్పటికీ పెట్టే డబ్బు ఓ ఇంటి తాళం తీసే ఉంచుతుంది. ఈసారి మంత్రాలయానికి టికెట్టు తీసేటప్పుడు తిరుగు ప్రయాణం ఒక్క రోజు వెనక్కి జరపండి.

ఎలా వెళ్లాలి?

ఆదోనికి రైళ్లున్నాయి. గుంతకల్లు-రాయచూరు మార్గంలో వస్తుంది. ఎమ్మిగనూరుకు రైలు లేదు. కర్నూలు నుంచి కోడుమూరు, గోనెగండ్ల మీదుగా బస్సులో రావాలి. అదే రోడ్డు ఆదోనికి వెళ్తుంది. ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం గంటలోపు ప్రయాణం.

ఎప్పుడు మేలు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో కొండరాళ్లు పెనంలా కాలతాయి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి భక్తులతో బస్సులు నిండిపోతాయి కాబట్టి గది ముందే చూసుకోవాలి.