పెట్టె కొత్తది, లోపలి వస్తువో?

లోకంలో ‘కొత్తది’ అన్న మాటకు ఉన్న విలువ ఇంతింత కాదు. కొత్త బట్టకు మూలన పసుపు పెట్టి కట్టుకొనే ఇల్లయినా, పండుగకు కొత్త జోడు కుట్టించుకొనే ఇల్లయినా, ఆ మాట వినగానే మనసు ఒకే విధంగా పొంగుతుంది. వస్తువుకు ఇచ్చే ధరలో కొంత భాగం ఆ ఒక్క మాటకే ఇస్తున్నాము. అట్టి మాట నిజమో కాదో తెలియని స్థితి దాపురించినప్పుడు మనిషి ఏమి చేయాలి? ఈ ప్రశ్న మాకు ఒక చిన్న లోహపు బిళ్ళ మూలంగా ఎదురైంది. దానిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కార్యవర్గ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం ఒకే గదిలో ఉంటున్న చివరి సంవత్సరపు విద్యార్థులం. ప్రాజెక్టు పని కోసం ఒక కంప్యూటరు మాకు తప్పనిసరి అయింది. తయారుగా అమ్మేది కొనే స్తోమత లేక, విడిభాగాలు ఒక్కొక్కటే కొని స్వయంగా బిగించుకోవాలని నిశ్చయించుకున్నాము. ఒకరి స్కాలర్‌షిప్పు, ఇద్దరి ట్యూషను డబ్బు, ఒకరి తల్లి మిషను కుట్టి దాచిన సొమ్ము కలిపి ఒక డబ్బాలో వేసుకున్నాము. అన్ని భాగాలలో ఖరీదైనది ప్రాసెసరు. సికింద్రాబాదులో ఒక అంగట్లో దానికి పదకొండు వేల రూపాయల పైచిలుకు చెల్లించి, బిల్లు తీసుకొని గదికి చేరాము.

పెట్టె తెరవబోతూ ఉండగా మాలో ఒకరి చూపు సీలు మీద పడింది. అంటించిన కాగితం కింద మరొక కాగితం అంచు కనబడుతున్నది. పాత సీలును బ్లేడుతో కోసి, దానిపై కొత్తది అంటించినట్లున్నది. లోపలి బిళ్ళను దీపం కిందకు తెచ్చి చూస్తే, పైనున్న లోహపు మూత అంచున బూడిద రంగు జిగురు వంటిది సన్నగా పేరుకొని ఉన్నది. మూతకు రెండు ప్రక్కల ఏదో గట్టిగా నొక్కినట్లు గీతలున్నాయి. నలుగురం ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము.

సందేహం సులభం, నిర్ధారణ కష్టం. తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు. కనుక ముందుగా ఆ వస్తువు స్వభావమేమిటో తెలుసుకోవాలనుకొన్నాము. ఇంటెల్ సంస్థ 1971లో వెలువరించిన 4004 అను ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండేవి. నేటి ప్రాసెసర్లలో అవి వందల కోట్లు. మేము కొన్న రకానికి అడుగున బంగారు పూత గల చిన్న చుక్కలు 1,700 ఉంటాయి. మదర్‌బోర్డు మీది సాకెట్‌లోని సన్నని పిన్నులు ఒక్కొక్క చుక్కను తాకుతాయి. తాకిన చోట సూదిమొనంత గుర్తు పడుతుంది. అయితే ఆ గుర్తులుండగానే వాడిన సరుకు అనరాదు. ప్రతి ప్రాసెసరును కర్మాగారంలోనే ఒకసారి పరీక్షించి పంపుతారు గనుక, ఆ పరీక్ష గుర్తులు కొత్తదానికీ ఉండవచ్చును.

జిగురు మాట వేరు. ప్రాసెసరు వేడిని పై ఫ్యానుకు అందించడానికి మధ్యలో థర్మల్ పేస్ట్ పూస్తారు. విడిగా పెట్టెలో వచ్చే ప్రాసెసరు మూతపై అది ఉండదు. వాడినవారు ఎంత తుడిచినా మూత అంచులలో కొంత మిగులుతుంది. ఇక ప్రక్కల గీతలు, సాకెట్ పైని లోహపు పట్టీ బిగించినప్పుడు పడేవి. హార్డ్ డిస్కు అయితే తాను ఎన్ని గంటలు పనిచేసినదీ తానే లెక్క వ్రాసుకొంటుంది. ఎవరైనా ఆ లెక్క చదువుకోవచ్చు. ప్రాసెసరుకు అట్టి దినచర్య లేదు. తన వయస్సు అది చెప్పదు. ఒంటిమీది మచ్చలే దానికి సాక్ష్యం.

పెట్టెపై ముద్రించిన సంఖ్యను మూతపై చెక్కిన సంఖ్యతో పోల్చి చూచాము. రెండూ సరిపోయాయి. అనగా వస్తువును మార్చలేదు. ఎవరో దానిని ఒకసారి బిగించి, విప్పి, తిరిగి అదే పెట్టెలో పెట్టారు.

అక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. దానిని మేము బిగించి చూస్తే మా పేస్టు, మా గీతలు వాటితో కలిసిపోయి సాక్ష్యం మాసిపోతుంది. బిగించకపోతే ప్రాజెక్టు ఆగుతుంది. గడువు మూడు వారాలే. మాలో ఒకరు, ‘పనిచేస్తే చాలదా? ప్రాసెసరు రెండు రోజులకు అరిగిపోదు గదా’ అన్నారు. ఆ మాటలో నిజమున్నది. మరొకరు, ‘పాతదని చెప్పి ధర తగ్గించి ఇస్తే నేనే సంతోషంగా తీసుకొందును. చెప్పకుండా ఇచ్చినందుకే నా బాధ’ అన్నారు.

ఈ రెండవ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. పాత వస్తువును చిన్నచూపు చూచేవారము కాము మేము. మా పాఠ్యపుస్తకాలలో సగం కోఠీలో పాత పుస్తకాల అంగళ్ళలో కొన్నవే. ఎవరో ముందటి విద్యార్థి గీచిన గీతలు మాకు ఎన్నోసార్లు దారి చూపాయి. జుమ్మేరాత్ బజారులో సైకిలు భాగం మొదలు గడియారం వరకు పాతవి పాతవిగానే అమ్ముతారు. కొనేవాడు తిరగవేసి, బోర్లవేసి చూచి బేరమాడుతాడు. అక్కడ ఎవరికీ అన్యాయం లేదు. వస్తువు వాడబడడంలో దోషం లేదు, వాడిన సంగతి దాచడంలోనే దోషమున్నది. తల్లి కుట్టుకూలితో కొన్న మిత్రుని తండ్రి ఫోనులో సంగతి విని, ‘అది మీ నలుగురి సొమ్ము కాదు, ఇంటివాళ్ళ అమానత్. అడగకుండా వదలవద్దు’ అన్నారు.

చట్టం కూడ ఇదే చెబుతున్నది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో వచ్చి 2020 జూలైలో అమలైన 2019 నాటి చట్టం, రెండూ పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నాయి. బిల్లు ఇవ్వకపోవడం సైతం కొత్త చట్టం ప్రకారం అట్టిదే. ఫిర్యాదుకు రెండేండ్ల గడువున్నది. 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

బిగించకుండానే అన్ని ప్రక్కల ఫోటోలు తీసుకొని, బిల్లుతో సహా మరునాడు అంగడికి వెళ్ళాము. పెద్దవయస్సు గల యజమాని ఫోటోలు చూచి కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట, ‘బాబూ, ఒకాయన రెండు రోజులు నడిపి, ఇంతకంటె పెద్దది కావాలని మార్చుకున్నాడు. రెండు రోజులకే వస్తువు పాతదవుతుందా? అయిదు వందలు తగ్గిస్తాను, తీసుకుపోండి’ అన్నారు.

‘తగ్గించండి, తీసుకొంటాము. వాడినదని బిల్లు మీద వ్రాసి ఇవ్వండి’ అన్నాము.

‘అట్లా వ్రాస్తే నా కొట్టు పేరేం గాను?’

‘వ్రాయకుంటే వారంటీ అడగవలసిన రోజున మా మాట ఏం గాను, సార్?’

అయిదు వందలు ఇవ్వడానికి వెనుదీయని చేయి, ఒక్క మాట వ్రాయడానికి వెనుదీసింది. చివరకు ఆయన గోదాము నుండి వేరొక పెట్టె తెప్పించి, మా ఎదుటనే సీలు తెరిపించి, దాని సంఖ్యను బిల్లులో వ్రాయించి ఇచ్చారు. మూత అద్దంవలె ఉన్నది. మా పని నెరవేరింది. మొదటి పెట్టెను ఆయన తిరిగి అల్మారాలో పెట్టారు. దానిపై ఏమి వ్రాసిపెట్టారో మేము చూడలేదు. మా తరువాత అది ఏ పల్లెటూరి విద్యార్థి చేతికి, ఏ ధరకు పోయినదో తెలియదు. న్యాయం మా నలుగురికి దొరికింది గాని, ఆ వస్తువుకు దాని నిజమైన పేరు దొరికిందా అన్నది మాకు నేటికీ ప్రశ్నయే.

అందుచేత విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది: కొనేచోటనే పెట్టె తెరిపించండి, సంఖ్యలు పోల్చండి, ఆ సంఖ్య బిల్లులో వ్రాయించుకోండి. కార్యవర్గ పెద్దలకు ఒక విన్నపం: మన ప్రయోగశాలకు కొనే ప్రతి యంత్రభాగం సంఖ్యను ఒక రిజిస్టరులో నమోదు చేయించండి, ఆ రిజిస్టరును విద్యార్థుల చేతనే వ్రాయించండి. అడిగి తెలుసుకొని కొనడం చదువులో భాగమే. ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్మడం కూడ అంతే. రేపు మనలో అంగడి పెట్టుకొనేవారు కూడ ఉంటారు.