ఓడిపోవడానికి వంద మైళ్ళు

అక్టోబరు రెండో వారం వచ్చిందంటే చాలు, బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరిదీ ఒకటే కార్యక్రమం. వ్యాన్లో పులిహోర, పెరుగన్నం, జంతికలు సర్దుకోవడం, ఐ-93 మీద ఉత్తరానికి బయల్దేరడం, న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఎర్రబడిన ఆకుల ముందు నిలబడి ఫోటోలు దిగడం! ఈసారి కొలంబస్ డే సెలవులకి మేమూ అలాగే బయల్దేరాం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు వారాలే ఉంది. కాంకమాగస్ హైవే అని 34 మైళ్ళ కొండదారి ఉంది. అమెరికా వచ్చి అది చూడకుండా వెళ్ళడమేమిటని మా ఆవిడ పట్టుబట్టింది.

కాంకర్డ్ ఊరు దాటేసరికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, వైపర్లు ఎంత వేగంగా తిప్పినా దారి కనపడని వాన. మా ఆవిడ ఫోన్లో వాతావరణం చూసి, "సాయంత్రం దాకా ఇంతే" అని తేల్చేసింది. వెనక సీట్లో ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ముఖం మాడ్చుకుంది. పన్నెండేళ్ళ మావాడు మాత్రం కిటికీలోంచి చూస్తూ మౌనంగా ఉన్నాడు. వాడు మార్చి నుంచీ అలాగే ఉన్నాడు. దాని సంగతి తరవాత చెబుతాను.

అదే అదనుగా చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న మాట బయటపెట్టాను. "దగ్గర్లోనే పాత వీడియో గేముల మ్యూజియం ఒకటుంది. లోపలే కాబట్టి తడవం కూడా." మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. వాన నేనే కురిపించాననుకుందేమో! ఏమైతేనేం, 23వ ఎగ్జిట్ దగ్గర దిగి, రూట్ 104 మీద మెరెడిత్ ఊరి దాకా వెళ్ళి, అక్కణ్ణించి రూట్ 3 మీద దక్షిణానికి తిరిగాం. మా ఇంటి నుంచి సుమారు వంద మైళ్ళు.

ఆ చోటు పేరు ఫన్‌స్పాట్. లకోనియా ఊళ్ళో, వీర్స్ బీచ్ దగ్గర, విన్నిపసాకీ సరస్సుకి పక్కనే ఉంది. 1952లో బాబ్ లాటన్ అనే కుర్రాడు ఒక చిన్న మినీ గోల్ఫ్, నాణెం వేస్తే ఆడే కొన్ని యంత్రాలతో మొదలుపెట్టాడట. 1964లో ఇప్పుడున్న చోటికి మారింది. పెరిగి పెరిగి, 2008లో ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్కేడ్‌గా గిన్నిస్ గుర్తింపు పొందింది. దీని బొమ్మ గుర్తు ఒక డ్రాగన్. పేరు టాప్స్‌నఫ్. ఆ బోర్డు చూడగానే మావాడు ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు. "నాన్నా, అది ఫన్‌స్పాట్‌నే వెనకనుంచి రాసిన పేరు." అక్షరాలంటే వాడికి అంత ఇష్టం.

కింద బౌలింగు, కొత్త గేములు, గోల గోలగా ఉంటుంది. అసలు సంగతి పైన ఉంది. అమెరికన్ క్లాసిక్ ఆర్కేడ్ మ్యూజియం అని, గ్యారీ విన్సెంట్ 1998లో ఆరంభించిన లాభాపేక్ష లేని సంస్థ. 1970లు, 80ల నాటి యంత్రాలని బాగుచేసి, బతికించి, వరసగా నిలబెట్టారు. మామూలు మ్యూజియంలో "ముట్టుకోరాదు" అని బోర్డు ఉంటుంది కదా, ఇక్కడ ముట్టుకోకపోతేనే తప్పు! మసక వెలుతురు, ఆ కాలం నాటి పాటలు, పాత పిక్చర్ ట్యూబు తెరల మెరుపు. టోకెన్లు కొనుక్కుని, యంత్రంలో వేసి, మూడు ప్రాణాలతో మొదలుపెట్టడమే.

అమ్మని తీసుకెళ్ళి ప్యాక్‌మ్యాన్ ముందు నిలబెట్టాను. జపాన్‌లో నామ్కో కంపెనీకి చెందిన తోరు ఇవతాని రూపకల్పనలో 1980లో వచ్చిన ఆట ఇది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగి చూసింది.

"ఇదేమిట్రా, ముగ్గులా ఉంది?"

నిజమే! ఇన్నేళ్ళు ఆడాను, నాకెప్పుడూ తట్టలేదు. చుక్కలు, చుక్కల చుట్టూ గీతలు. మొత్తం 240 చుక్కలు, నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు. అన్నీ తినేస్తే ఒక స్థాయి పూర్తవుతుంది. తరిమే దయ్యాలు నాలుగు.

మొదటి ప్రాణం పది సెకన్లలో పోయింది. రెండోది ఇంకా తొందరగా. "చచ్చిపోయానా?" అని అమ్మ అమాయకంగా అడిగితే మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఇక చాలంటుందనుకున్నాను. చెయ్యి చాచి, "ఇంకో బిళ్ళ ఇయ్యి" అంది.

పిల్లలూ, ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ఆ దయ్యాలు ఇష్టం వచ్చినట్టు తిరగవు. ఎర్రది మీరు ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. గులాబీ రంగుది మీకు కాస్త ముందున్న చోటుకి గురిపెడుతుంది, దారి కాయడానికన్నమాట. మీరు ప్రతిసారీ సరిగ్గా ఒకే దారిలో, ఒకే సమయానికి కదిలితే అవి కూడా అలాగే కదులుతాయి. అందుకే దారులు బట్టీపట్టి ఆడినవాళ్ళున్నారు. 1999 జులై 3న ఇదే ఫన్‌స్పాట్‌లో బిల్లీ మిచెల్ అనే ఆయన దాదాపు ఆరు గంటలు ఆడి, ప్యాక్‌మ్యాన్‌లో రావడానికి వీలైన అత్యధిక స్కోరు 33,33,360 సాధించారు. ఆ తరవాతి కాలంలో ఆయన డాంకీకాంగ్ స్కోర్ల మీద పెద్ద వివాదాలే నడిచాయి. అది వేరే కథ.

'అత్యధికం' అని ఎలా చెప్పగలిగారంటే, ఈ ఆట 256వ స్థాయి దగ్గర పాడైపోతుంది. మా వృత్తిలోవాళ్ళకి ఆ అంకె చూడగానే విషయం తెలిసిపోతుంది. ఎనిమిది బిట్లలో సున్నా నుంచి 255 దాకానే పడుతుంది. ఆ పైన ఒకటి కలిపితే, పాత కారు మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకి తిరిగినట్టు, మళ్ళీ సున్నా. ఎన్నో స్థాయో చూపడానికి తెర కింద పళ్ళ బొమ్మలు గీసే ప్రోగ్రాము ఆ సున్నా చూసి తికమకపడి, ఏడు పళ్ళకి బదులు 256 గీయబోతుంది. తెర కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోతుంది. స్థాయి పూర్తి చెయ్యడానికి కావలసినన్ని చుక్కలు అక్కడుండవు. ఎంత గొప్ప ఆటగాడైనా అక్కడ ఆగాల్సిందే.

పక్క వరసలో స్పేస్ ఇన్వేడర్స్ ఉంది. 1978లో తొమోహిరో నిషికాదో తయారుచేసిన ఆట. ఇందులో 55 మంది గ్రహాంతరవాసులు బారులు తీరి దిగుతుంటారు. మనం చంపేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. ఆనాటి ప్రాసెసర్‌కి అంతమందిని ఒకేసారి కదిపే శక్తి లేదు. జనం తగ్గేకొద్దీ దానికి పని తేలికై, ఆట వేగం పుంజుకుంది. ఆయన దాన్ని లోపమనుకుని సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు. ఇంకో పక్క 1980 నాటి మిసైల్ కమాండ్. ఆరు నగరాలని కాపాడాలి. ఎంతసేపు కాపాడినా చివరికి అవి కూలాల్సిందే. వీటిలో గెలుపనేది లేదు. ఇంకాసేపు ఓడిపోకుండా ఉండటమే ఆట.

మధ్యాహ్నం పార్కింగులో, వ్యాన్ మీద వాన చప్పుడు వింటూ పులిహోర తిన్నాం. అప్పుడు బ్రాడీపేట గుర్తొచ్చింది. 1992లో నాకూ పన్నెండేళ్ళే. ఒక ఇంటి వరండాలో మూడు టీవీలు పెట్టి, అరగంటకి ఐదు రూపాయలు తీసుకుని గేములు ఆడనిచ్చేవారు. ట్యూషన్ ఎగ్గొట్టి అక్కడ కాంట్రా ఆడేవాణ్ణి. మూడు ప్రాణాలకి ముప్ఫై తెచ్చిపెట్టే మీటల మంత్రం ఒకటుండేది. అది తెలిసినవాడికి మా వీధిలో ఉన్న గౌరవం కలెక్టరుకి కూడా ఉండేది కాదు! ఒకరోజు, జీవితంలో మొదటిసారి, ఆట చివరి స్థాయికి చేరాను. సరిగ్గా అప్పుడే చెవి మీద ఒక చెయ్యి పడింది. అమ్మ! పది మంది చూస్తుండగా ఇంటిదాకా అలాగే లాక్కొచ్చింది.

ఆ కథ చెప్పి అందరం నవ్వుతుంటే అమ్మ నవ్వలేదు. "ఆ రోజు చెవి మెలిపెట్టి లాక్కొచ్చాను గానీ, అసలు ఏం ఆడుతున్నావో చూడనే లేదురా" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. మావాడి వైపు చూశాను. వాడు పెరుగన్నం కలుపుతూ తల వంచుకునే ఉన్నాడు.

మార్చిలో ఏం జరిగిందంటే, స్పెల్లింగ్ బీ పోటీలో మావాడు రెండో రౌండులోనే వెనుదిరిగాడు. 'ఐ' ఉండాల్సిన చోట 'ఇ' చెప్పాడు. ఏడాది పాటు రోజూ రాత్రి వాడితో కూర్చుని మాటలు చదివించిన నాకు అది మింగుడు పడలేదు. ఇంటికి వచ్చే దారంతా, నలభై నిమిషాలు, ఆ ఒక్క అక్షరం గురించే మాట్లాడాను. తిట్టలేదు. "ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకోవాలి కదా" అనే మంచి మాటలే. ఆఫీసులో ప్రాజెక్టు బెడిసికొడితే ఏం చేస్తామో అదే చేశాను. అప్పటినుంచి వాడు పోటీలూ మానేశాడు, చెస్ మానేశాడు. కొత్తది ఏది చూపించినా, "నాకు రాదు" అని ముందే తప్పుకుంటాడు.

తిరిగి లోపలికి వెళ్ళాక వాడు డాంకీకాంగ్ ఎంచుకున్నాడు. 1981లో నిన్‌టెండో తెచ్చిన ఆట, షిగెరు మియామోతో సృష్టి. మారియో మొదట కనిపించింది ఇందులోనే. పైనుంచి పీపాలు దొర్లుకుంటూ వస్తుంటే, వాటి మీంచి దూకుతూ నిచ్చెనలెక్కాలి. మొదటి పీపాకే పడిపోయాడు. మూడు ప్రాణాలూ అయ్యాయి. "నాకు రాదు" అని చేతులు తీసేశాడు.

పక్క యంత్రం దగ్గర డిఫెండర్ ఆడుతున్న, నెరిసిన గడ్డం పెద్దాయన అప్పుడే తనూ ఓడిపోయాడు. గట్టిగా నవ్వి, మావాడితో, "నలభై ఏళ్ళుగా ఇదే పని" అన్నాడు ఇంగ్లీషులో. ఇంకో టోకెన్ వేసుకున్నాడు. మావాడు ఆయన్ని కాసేపు చూశాడు. తరవాత నా చేతిలోంచి ఒక టోకెన్ తీసుకున్నాడు.

ఆడాడు, ఓడాడు. మళ్ళీ ఆడాడు. మూడో నిచ్చెన దగ్గర ఆగకుండా వెళ్ళిపోతున్నాడు, అక్కడ ఒక్క క్షణం ఆగితే సరిపోతుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. మూసేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతటిలో నేను ఆడిన అన్నిటికన్నా కష్టమైన ఆట అదే!

ఏడోసారో ఎనిమిదోసారో ఓడాక వాడు తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "నువ్వేమీ అనట్లేదు. కార్లో చెప్తావా?"

గుంటూరులో చెవి నొప్పి ఓ గంటలో తగ్గిపోయింది. ఈ మాట అంత తొందరగా తగ్గేలా లేదు.

"లేదురా. కార్లో కూడా ఏమీ చెప్పను" అన్నాను. వాడు నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకో టోకెన్ వేశాడు.

పద్నాలుగోసారి మొదటి తెర దాటాడు. ఇక్కడ మీరు అద్భుతం ఆశించవద్దు. రెండో తెరలో వెంటనే పడిపోయాడు. కానీ దాటిన క్షణంలో వేసిన కేక విని, అవతలి వరసలో ప్యాక్‌మ్యాన్ దగ్గరున్న అమ్మ పరిగెత్తుకొచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి! ఆవిడకీ చెప్పాల్సిన కబురుంది. "నాదీ అయిందిరా! ముందు మూలలన్నీ ఊడ్చుకుని తరవాత నడిమింట్లోకి రావాలి, అంతే." నాయనమ్మ, మనవడు చెయ్యీ చెయ్యీ కొట్టుకున్నారు.

వెళ్ళాలనుకునేవారికి రెండు ముక్కలు. ఫన్‌స్పాట్ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, వేళలు మాత్రం ముందే చూసుకోండి. వేసవిలో సరస్సు, శరత్కాలంలో రంగుల కొండలు, రెండిటికీ కలిసొచ్చే చోటు. పిల్లలు చిన్నవాళ్ళయితే చిన్న స్టూలేదైనా దొరుకుతుందేమో అడగండి. 2007లో వచ్చిన 'ది కింగ్ ఆఫ్ కాంగ్' డాక్యుమెంటరీలో ఈ చోటు కనిపిస్తుంది. వెళ్ళేముందు చూస్తే పెద్దపిల్లలకి ఆసక్తిగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు ఆడుతుంటే వెనక నిలబడి సలహాలు ఇవ్వకండి. టోకెన్లు ఇవ్వండి, చాలు.

తిరుగు దారిలో వాన వెలిసింది. ఇచ్చిన మాట ప్రకారం నేను నోరు మెదపలేదు. ఆ అవసరమూ రాలేదు. పద్నాలుగు ఆటల్లో ఎక్కడెక్కడ ఎలా పడిపోయాడో మావాడే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు, వంద మైళ్ళూ, నవ్వుకుంటూ.

మూడు వారాల తరవాత అమ్మ సూట్‌కేసు సర్దుతుంటే పర్సులో ఒక టోకెన్ కనిపించింది. "ఇదెందుకమ్మా, గుంటూరులో చెల్లదు కదా" అన్నాను.

"తెలుసులే. అక్కడే చెల్లుతుంది కాబట్టే, మళ్ళీ రావాలిగా మరి" అంది.