కనిపించని పునాది

ఆలయాన్ని దర్శించేవారి చూపు శిఖరంపై నిలుస్తుంది. భారమంతా మోసే పునాది మాత్రం ఎవరికీ కనిపించదు. ఈ సత్యానికి చక్కని నిదర్శనం ఇంగ్లండులోని వించెస్టర్ నగరం.

దక్షిణ ఇంగ్లండులో ఇచెన్ నదీతీరాన వెలసిన ప్రాచీన నగరమిది. రోమనుల కాలంలోనే పట్టణంగా వికసించి, తొమ్మిదో శతాబ్దిలో ఆల్ఫ్రెడ్ మహారాజు ఏలిన వెసెక్స్ రాజ్యానికి ముఖ్యకేంద్రమైంది. నగరానికి తలమానికం అక్కడి కెథెడ్రల్. బిషపు పీఠం గల ప్రధాన చర్చిని కెథెడ్రల్ అంటారు. 1079లో నార్మన్లు ఆరంభించిన ఈ కట్టడం క్రమంగా విస్తరించి, 550 అడుగులకు పైగా పొడవుతో విరాజిల్లుతున్నది. పన్నెండో శతాబ్దిలో చర్మపత్రాలపై వ్రాసి, బంగారు వర్ణచిత్రాలతో అలంకరించిన ‘వించెస్టర్ బైబిలు’ నేటికీ అక్కడ భద్రంగా ఉంది.

ఇంతటి కట్టడానికి ఆధారమైనది గట్టి నేల కాదు; నదీలోయలోని నీటితో నిండిన మెత్తని నేల. పదమూడో శతాబ్దిలో తూర్పుభాగాన్ని నిర్మించినవారు ఆ నేలపై దుంగలు పరచి గోడలు లేపారు. ఏడువందల ఏళ్ల తరువాత, 1905 నాటికి, ఆ గోడలు ఒరిగి బీటలు వారాయి. బాగుచేయడానికి గోతులు త్రవ్వితే నీరు ఉబికి వచ్చింది. ఆ నీటిని తోడివేస్తే అడుగు మట్టి జారి, గోడలే కూలిపోయే ప్రమాదం ఏర్పడింది.

అప్పుడు ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ సలహాపై విలియం వాకర్ అనే డైవర్‌ను రప్పించారు. 1906 నుండి 1911 వరకు వాకర్ బరువైన దుస్తులు ధరించి, రోజుకు సుమారు ఆరు గంటలు బురదనీటి అడుగున శ్రమించాడు. ఆ చీకటిలో కళ్లకు పని లేదు. చేతి స్పర్శే అతనికి చూపు. 25,000కు పైగా కాంక్రీటు సంచులను పేర్చి నీటి ఊటను అరికట్టాడు. ఆపైన నీరు తోడించి, పనివారు సుమారు 9 లక్షల ఇటుకలతో గోడలకు కొత్త బలం చేకూర్చారు. 1912లో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు, అంతకు కొద్ది నెలల ముందే ఢిల్లీ దర్బారు జరిపి వెళ్లిన ఐదవ జార్జి చక్రవర్తి స్వయంగా హాజరయ్యాడు. 1918లో వాకర్ కన్నుమూశాడు.

విచిత్రమేమంటే, 1964లో వాకర్ పేర ప్రతిష్ఠించిన విగ్రహానికి పొరపాటున ఇంజనీరు ఫాక్స్ ముఖం వచ్చింది! వాకర్ అసలు రూపంతో మరొక విగ్రహాన్ని 2001లో నెలకొల్పారు. గుర్తింపు ఆలస్యం కావడం ఈ ఆలయానికి కొత్త కాదు. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌ను 1817లో ఇక్కడే సమాధి చేశారు. సమాధిఫలకం ఆమె సుగుణాలను కీర్తించిందే కాని, నవలల ఊసెత్తలేదు. ఆమె రచనలను ప్రస్తావించే ఇత్తడిఫలకం 1872లో గాని రాలేదు.

వారసత్వమంటే రాజుల కీర్తి, రాతి సౌందర్యం మాత్రమే కాదు. దానిని నిలబెట్టిన చేతుల శ్రమ కూడా అందులో భాగమే. ఆ విశాల మందిరంలో ప్రార్థనాగీతం మ్రోగినప్పుడల్లా, దాని అడుగున ఒక శ్రామికుడు చీకటిలో తడుముకుంటూ పేర్చిన సంచులు మౌనంగా బరువు మోస్తూనే ఉన్నాయి.