ఓడ దిగిన యొక పగలు

దేశాటనమువలన జ్ఞానము కలుగునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాట నిజమే. కాని యే విషయమునందు జ్ఞానము కలుగునో బయలుదేరువానికి ముందుగా తెలియదు. రోమునగరమునుగూర్చి తెలిసికొనవలయునని పోయిన మేము మా యింటినిగూర్చి తెలిసికొని వచ్చితిమి. అది యెట్లు జరిగినదో చదువరులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2023వ సంవత్సరము అక్టోబరులో మేమును, మా భార్యయును, మా మేనత్తయును మధ్యధరా సముద్రమున తిరుగు నొక విహారనౌక నెక్కితిమి. జర్మనీలో ఉద్యోగము చేయుచున్న మా కుమార్తె టిక్కెట్లు కొని పంపెను. మా యత్తయ్యకు అప్పటికి ఎనుబదిరెండేండ్లు. "ఈ వయస్సున నాకు సముద్రమేమిటి? నలుగురు నవ్వుదురు" అని యామె మొదట ఒప్పుకొనలేదు. "నిన్ను విడిచి మేము పోము" అని పట్టుపట్టి తీసికొనిపోయితిమి. ఆ పట్టుదలను మేము ప్రేమ యనియే తలచుచుంటిమి.

ఈ విహారనౌకల పద్ధతి యిట్టిది: రాత్రియెల్ల ప్రయాణము, తెల్లవారునప్పటి కొక రేవు. ఉదయమున జనమును దించును, సాయంకాలమున ఎక్కించుకొనును. ఆ నడుమనున్న తొమ్మిది పది గంటలలోనే వేలయేండ్ల చరిత్రగల నగరములను చూచితిమనిపించుకొని రావలయును. అందులో రోము మఱింత చిక్కు. ఓడ రోమునకు రాదు; ట్రాజను చక్రవర్తి రెండవ శతాబ్ది మొదట కట్టించిన చివితావెక్కియా రేవునకు వచ్చును. అచ్చటనుండి రోము సుమారు 80 కిలోమీటర్లు. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర. సాయంకాలము ఆరున్నరకు ఓడమీద ఉండవలయునని పలకమీద వ్రాసి పెట్టియుండిరి.

నగరమును చూచుటకు రెండు దారులు కలవు. ఓడవారే నడుపు బస్సుయాత్ర యొకటి. నలుబది యేబదిమందికి ఱొమ్మున అంకెల చీటీ లంటింతురు. చెవిలో చిన్న యంత్రము పెట్టుదురు. గైడు చేతికఱ్ఱ యెత్తి ముందు నడుచును, మందవలె వెనుక నడువవలయును. ఆ బస్సు ఆలస్యమైనచో ఓడ దానికొఱకు కాచియుండును. ఇది దానియందలి గొప్ప మేలు. రెండవది సొంతముగా కుదుర్చుకొను యాత్ర. ఒక కారు, ఒక డ్రైవరు, నగరమున కలిసికొను నొక గైడు. ఖరీదు మనిషికింత యని కాక కారునకింత యని యుండును గనుక, కుటుంబమంతయు కలిసినచో మిక్కిలి భారము కాదు. ఇటలీదేశమున గైడు పరీక్ష నిచ్చి అనుమతి పొందియుండవలయును. కారు నడుపువాడు కట్టడములలోనికి వచ్చి వివరింపరాదు. ఇందులో మన నడక మనది, మన విరామము మనది. కాని ఆలస్యమైనచో ఓడ కాచియుండదు. తరువాతి రేవునకు మన ఖర్చుతో మనము పోవలసినదే.

ఇట్లు దిగి పోవు జనమువలన ఆ యూళ్లకు కలుగు నిబ్బందియు లేకపోలేదు. వెనిసునగరమున పెద్దయోడలు నడిబొడ్డు కాలువలోనికి రాగూడదని 2021 ఆగస్టు 1వ తేదీనుండి నిషేధించిరి. పూటలో వచ్చి పూటలో పోవు అతిథి తాను కాలుపెట్టినది యొకరి యిల్లని మఱవకుండుట మంచిది.

మా యత్తయ్య మోకాళ్లు బస్సుజనముతో నడువలేవు గనుక మేము రెండవ దారినే యెన్నుకొంటిమి. చూడవలసిన వాటి పట్టిక మేమే వ్రాసితిమి. కొలోసియము, పాంథియను, చివర జోర్డానో బ్రూనో విగ్రహము. స్వతంత్రముగా ఆలోచించిన నేరమునకు 1600 ఫిబ్రవరి 17వ తేదీని ఆయనను కాంపో దె ఫియోరియను బజారులో సజీవముగా దహించిరి; 1889లో ఆ చోటనే ఆయన విగ్రహము నిలిపిరి. సంఘసంస్కారమునందు అభిమానముగల మావంటివారు ఆ విగ్రహమునకు నమస్కరింపక తిరిగి వచ్చుట తగదని మాకు తోచినది. అచ్చట అత్తయ్యకు ఏమేమి చెప్పవలయునో కూడ మనసులో కూర్చుకొంటిమి.

రోము చేరునప్పటికి పదిగంటలు కావచ్చెను. మా గైడు ఏబదియేండ్ల స్త్రీ. మేమిచ్చిన పట్టిక చూచి, మడిచి, "ఈ పెద్దామె యేమి చూడగోరుచున్నారు?" అని యింగ్లీషున అడిగెను. "ఆమెకు ప్రత్యేకముగా నేమియు లేదు. మీరు చూపినదే చూచును" అని మేము బదులు చెప్పితిమి. గైడు చిరునవ్వుతోనే, "ఆమెను అడిగి చెప్పుడు" అనెను.

అడిగితిమి. అత్తయ్య కొంతసేపు మాటాడలేదు. తనను అడుగుచున్నారని ఆమెకు నమ్మకము కలుగుటకు ఆపాటి కాలము పట్టినదని యిప్పుడనిపించుచున్నది. తరువాత, "దారిపొడుగునను రాజులు కట్టినవి, గురువులు కట్టినవి అని చెప్పుచు వచ్చితివి గదా, నాయనా. ఈ యూరిలో ఆడవాండ్రెక్కడ ఉండెడివారో చూపుమనుము" అనెను.

ఈ మాట తెనిగించినట్లే యింగ్లీషున చెప్పితిమి. గైడు పట్టికను తన సంచిలో వేసికొని, డ్రైవరుతో ఏమో చెప్పెను. కారు పోవునంతవరకు పోయి, అచ్చటనుండి చక్రాల కుర్చీలో అత్తయ్యను కాపిటోలు కొండమీది కొక పిట్టగోడవద్దకు తీసికొనిపోయితిమి. క్రింద ప్రాచీన రోమకుల సభాస్థలమంతయు పరచినట్లు కనబడెను: విరిగిన స్తంభములు, కూలిన గోడలు, నల్లని రాళ్లు పఱచిన వీథి. ఆ రాళ్లమీద కుర్చీ నడువదు గనుక పైనుండియే చూపుచున్నానని గైడు చెప్పి, దూరమున నిలిచియున్న మూడు స్తంభములను చూపి, వాని యావల వెస్తాదేవి గుడియు, దాని ప్రక్కన ఆ దేవి కన్యల యిల్లును ఉండెననెను.

ఆమె చెప్పినది యిది. వెస్తా రోమకుల పొయ్యిదేవత. ఆమె గుడిలోని నిప్పు ఆరినచో రాజ్యమునకే కీడని వారి నమ్మకము. ఆ నిప్పును కాచుటకు ఆరుగురు కన్యలుండిరి. ఆరేండ్లకును పదియేండ్లకును నడుమనున్న పసిపిల్లలను ఎంచి తెచ్చెడివారు. ముప్పదియేండ్లు వ్రతము: పదియేండ్లు నేర్చుకొనుట, పదియేండ్లు చేయుట, పదియేండ్లు చిన్నవారికి నేర్పుట. నిప్పు ఆరినచో కొరడాదెబ్బలు. శీలము తప్పినదని తీర్పు చెప్పినచో ప్రాణముతో పాతిపెట్టుట. గౌరవము మాత్రము తక్కువ లేదు. తండ్రి యధికారము వారిమీద లేదు. ఆస్తి వారిదే, వీలునామా వ్రాయవచ్చును. వినోదములలో వారికి ప్రత్యేకముగా ఆసనములు.

మేము వాక్యము వాక్యముగా తెనిగించుచుంటిమి. అంతట గైడు, "ముప్పదియేండ్లు నిండిన తరువాత వారికి విడుదల. కోరినచో పెండ్లి చేసికొనవచ్చును" అనెను. ఈ మాట తెలుగున చెప్పుటకు మాకు నోరు రాలేదు. అత్తయ్య మా ముఖము చూచుచుండెను. మా భార్య ముందునకు వంగి ఆ మాట చెప్పెను.

అత్తయ్య, "పోయినారా?" అని యడిగెను.

"చాల కొద్దిమంది" అనెను గైడు. "పెక్కుమంది అక్కడనే యుండిపోయిరని ప్రాచీనులు వ్రాసిరి."

"ఎట్లు పోవుదురు? పదేండ్లకు వచ్చి నలుబదియేండ్లకు పొమ్మన్న ఎక్కడికి పోవుదురు?" అని అత్తయ్య తనలోననుకొన్నట్లుగా ననెను. కొంచెముసేపు గడచిన తరువాత, "అయినను వారికొక గడువున్నది" అనెను.

ఆమె యెందుకట్లనెనో చెప్పుటకు మా యింటి సంగతి చెప్పవలసియున్నది. మాది రాజమహేంద్రవరము. 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహము చేయించిన యూరది. మా యత్తయ్యకు 1950లో, తొమ్మిదవయేట పెండ్లి చేసిరి. చట్టము కూడదన్నను చేసిరి. పదుమూడవయేట భర్త పోయెను. ఆయన ముఖము తనకు గుర్తులేదని యామె యెప్పుడో యొకసారి మా భార్యతో చెప్పినది. పుట్టింటికి తిరిగి వచ్చి, తెల్లచీర కట్టి, వంటయింట ప్రవేశించెను. 1961లో, మాకు రెండేండ్లు వచ్చునప్పటికి, మా తల్లి చనిపోయెను. అప్పటినుండి మమ్ము పెంచినది అత్తయ్యయే.

మా తండ్రిగారు ఉపాధ్యాయులు, సంస్కారాభిమానులు. పంతులుగారి జయంతిసభలలో స్త్రీపునర్వివాహమునుగూర్చి వారు మాటాడుచుండగా సభ చప్పట్లతో మ్రోగుట మేము చిన్నతనమున స్వయముగా చూచితిమి. సభనుండి వచ్చిన తరువాత వారికి వేడినీళ్లు తోడి, అన్నము వడ్డించినది అత్తయ్య.

1967లో తండ్రిగారితో పనిచేయుచున్న ఉపాధ్యాయుడొకడు, భార్య పోయినవాడు, అత్తయ్యను వివాహమాడుదునని కబురంపెను. ఆమెకు అప్పుడు ఇరువదియాఱేండ్లు; మాకు ఎనిమిది. పెద్దలు వసారాలో మెల్లగా మాటాడుకొనుచుండగా మేము సంగతి గ్రహించి, పరుగున వంటయింటికి పోయి, అత్తయ్య చీరకుచ్చిళ్లు పట్టుకొని, "నీవు పోరాదు, నీవు పోరాదు" అని యేడ్చితిమి. తండ్రిగారు గుమ్మమున నిలువబడి చూచిరి. "పిల్లవాడిట్లున్నాడు గదా" అని యనిరి. ఆ మాటతో ఆ సంబంధము ముగిసెను. ఆ సంగతి మఱల మా యింట నెవ్వరును ఎత్తలేదు.

ఎనిమిదేండ్ల పిల్లవాని కన్నీరు నేరము కాదని చదువరులు మమ్ము ఓదార్పవచ్చును. కాని మేము ఎనిమిదేండ్లవద్దనే నిలిచిపోలేదు. ఇరువదియేండ్ల వారమైతిమి, ముప్పదియేండ్ల వారమైతిమి, మేమును సభలలో మాటాడితిమి. వితంతువు మరల వివాహమాడవచ్చునని చట్టము వచ్చినది 1856లో. రోములోని కన్యలకు వలెనే మన స్త్రీలకును తలుపు తెఱచియే యున్నది. తెఱచిన తలుపు చాలదు. పోదలచినవారికి పోవు చోటుండవలయును. పొమ్మని చెప్పు నోరుండవలయును. వెనుక చీర పట్టుకొని లాగు చేయి లేకుండవలయును. మా యింట ఆ చేయి మాదే. 2023లో "నిన్ను విడిచి పోము" అని పట్టినదియు ఆ చేయియే.

పిట్టగోడవద్దనే మధ్యాహ్నమయ్యెను. గైడు గడియారము చూచి, ఓడకు చేరవలయునన్నచో మూడున్నరకు బయలుదేరవలయుననియు, కొలోసియము బయటినుండి మాత్రమే చూడగలమనియు చెప్పెను. దానిని కారులోనుండి చూచి పాంథియనునకు పోయితిమి. హాద్రియను చక్రవర్తి కాలమున కట్టిన ఆ గుడి గుమ్మటము అడ్డుకొలత 43 మీటర్లు. దాని నడినెత్తిని ఆకాశమునకు తెఱచిన గుండ్రని రంధ్రము. వానపడినచో నీరు లోపలనే పడి నేలయందలి బెజ్జములలోనికి పోవునని గైడు చెప్పగా, అత్తయ్య ఆ వెలుగుక్రిందికి కుర్చీని త్రోయించుకొని, తల యెత్తి చాలసేపు చూచెను. "మన మండువా లోగిలివలె నున్నదిరా" అనెను. ఆమె సంతోషించుట మేమా దినమున మొదటిసారి చూచితిమి.

"నీవు చూడవలెనన్న విగ్రహమో?" అని యామెయే గుర్తుచేసెను. వేళ లేదంటిమి. వేళయున్నను ఆ దినమున బ్రూనో యెదుట నిలుచుటకు మాకు ముఖము లేదు.

దారిలో బండ్లు క్రిక్కిఱిసియుండుటచే డ్రైవరు మాటిమాటికి గడియారము చూచుకొనుచుండెను. ఆరుగంటలు దాటిన తరువాత ఓడ చేరితిమి.

ఆ రాత్రి ఓడ పైయంతస్తున, రేవు దీపములు దూరమగుచుండగా, అత్తయ్యవద్ద కూర్చుంటిమి. "1967లో ఆ సంబంధము వచ్చినప్పుడు నే నేడ్చుటచేత నీ బ్రతుకు పాడైనది గదా, అత్తయ్యా" అని యడిగితిమి. ఇన్నియేండ్లకు అడిగితిమి. ఆమె కోపపడలేదు, ఓదార్పనులేదు.

"నీవు పసివాడవు, ఏడ్చితివి. నే నదిగాదు తలచునది. ఆ పంతులుగారు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. అడిగియుంటే వద్దనియే అందునేమో. నిన్ను విడిచి పోకయే యుందునేమో. కాని నన్ను అడిగినవారేరీ? మీ నాన్న అడుగలేదు. ఊరిలో అన్ని ఉపన్యాసము లిచ్చినవాడు వంటయింట గుమ్మముదాక వచ్చి అడుగకయే పోయినాడు. ఈనాడు ఆ తెల్లామె అడిగినది, ఏమి చూచెదవని" అని, శాలువ సవరించుకొని, "చలిగా నున్నది, లోపలికి పోదము" అనెను.

చదువరులారా, మేము పెద్ద సిద్ధాంతము చెప్పబోవుటలేదు. సొంతముగా కుదుర్చుకొను యాత్రలో మేలేమని యెవరైన మమ్మడిగినచో, అందు గైడు అడుగును, మనము బదులు చెప్పుదుము అని చెప్పుదుము. కూలికి వచ్చిన పరస్త్రీ యొక్కపూటలో చేసిన పని, ఆమె చేతి యన్నము తిని పెరిగిన మేము అఱువదియేండ్లలో చేయలేదు. మీ యిండ్లలోను ఒక మేనత్తయో, పెద్దమ్మయో, అప్పగారో యుండవచ్చును. ఆమె తరఫున మీరు బదులు చెప్పుట మాని, ఆమెనే యడుగుడు. ఆమె వెంటనే చెప్పకపోవచ్చును. కాచియుండుడు.

ఇంటికి వచ్చిన తరువాత అత్తయ్య యొక కోరిక చెప్పినది. తన పేర నొక బ్యాంకుఖాతా కావలయునట; వ్రాలు తానే చేయునట. మఱునాడే తీసికొనిపోయితిమి. కాగితమున "ఎవరిపై నాధారపడినవారు" అనుచోట మా పేరు వ్రాయబోగా ఆమె మా చేయి పట్టుకొని, "ఉండు, నన్నడుగు" అనెను.