ఒక్క లారీ వచ్చినా రిజిస్టరు రిజిస్టరే

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే దారి పొడవునా బ్యానర్లే. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్. ఒక్కోదాని కింద పాఠం చెప్పేవారి పేరు, కొత్త బ్యాచ్ మొదలయ్యే తేదీ. జిరాక్స్ షాపుల్లో రన్నింగ్ నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచీ వచ్చి, చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం కోసం చదువుకునే పిల్లలతో ఆ సందులు సాయంత్రం పూట కిటకిటలాడతాయి. అక్కడే ఒక పాత భవనం పై అంతస్తులో పీహెచ్‌పీ నేర్పే చిన్న శిక్షణ కేంద్రానికి వెళ్లాను. ఎక్స్‌ఎంఎల్ సమాచారాన్ని ప్రోగ్రాము వాడుకోగల జాబితాగా, అంటే అర్రేగా మార్చడం ఆ రోజు పాఠం.

ఈ పాఠానికే వెళ్లాలనుకోవడానికి కారణం ఉంది. సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం 1998 ఫిబ్రవరిలో వెలువడింది. కొత్త వెబ్ సర్వీసులు చాలావరకు సమాచారాన్ని పంపే మరో రూపమైన జేసన్‌కు మారిపోయినా, కొట్టు లెక్కలు రాసే ట్యాలీ ఇప్పటికీ ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది, పుచ్చుకుంటుంది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు, వార్తల ఆర్ఎస్ఎస్ ఫీడు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల లోపలి సరంజామా అంతా అదే. ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి మొదటి నెలలోనే ఇలాంటి ఫైలు చేతికి రావచ్చు.

పాఠం చెప్పే సార్ ట్యాగుల పేర్లు కూడా తెలుగులోనే పెట్టి బోర్డు మీద ఒక బిల్లు రాశారు. ఎక్స్‌ఎంఎల్ నియమాలు అందుకు ఒప్పుకుంటాయి.

<బిల్లు నంబరు="41">
  <సరుకు కోడు="0713">కందిపప్పు</సరుకు>
  <సరుకు కోడు="1006">బియ్యం</సరుకు>
</బిల్లు>

ఆ కోడులు జీఎస్టీ బిల్లుల్లో వేసే హెచ్ఎస్ఎన్ కోడులు. 0713 పప్పుధాన్యాలకు, 1006 బియ్యానికి.

ముందుగా అందరికీ తెలిసిన అడ్డదారి చేయించారు. 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చిన సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌తో ఫైలు చదవడం, దాన్ని జేసన్‌గా మార్చడం, ఆ జేసన్‌ను అర్రేగా విప్పడం. ఒక్క వరసలో పని అయిపోయింది. తెర మీద సరుకు అనే పేరు కింద సున్నా దగ్గర కందిపప్పు, ఒకటి దగ్గర బియ్యం కనిపించాయి. పిల్లలు తృప్తిగా నోట్సు రాసుకుంటున్నారు.

వెనక బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. “సార్, కోడులు ఏవీ?”

బిల్లు నంబరు ఉంది, సరుకుల కోడులు లేవు. లోపల మాటలు మాత్రమే ఉన్న ట్యాగును ఈ దారిలో మారిస్తే మాటలు మిగులుతాయి, ట్యాగుకు తగిలించిన కోడు చప్పుడు లేకుండా రాలిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు.

“సరే, ఇప్పుడు ఇది చూడండి” అంటూ సార్ బియ్యం వరస చెరిపేసి మళ్లీ నడిపించారు. ఈసారి సరుకు కింద జాబితా లేదు, కందిపప్పు అన్న మాట నేరుగా కూర్చుంది. రెండు సరుకులున్నప్పుడు రాసిన ప్రోగ్రాము మాత్రం మొదటి సరుకు ఇమ్మని సున్నా స్థానాన్నే అడుగుతోంది. జవాబుగా తెర మీద నల్లటి డైమండులో ప్రశ్నార్థకం వచ్చింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. జాబితా అనుకుని మాటను సున్నా దగ్గర కోస్తే ‘క’లో మూడో వంతు చేతికొచ్చింది.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి బీకాం చదివి, పల్నాడులో ఒక రైసు మిల్లులో ట్యాలీ చూసి వచ్చింది. “మా మిల్లుకి ఒక్కోరోజు ఒకటే లారీ వస్తుంది సార్. అసలు రాని రోజూ ఉంటుంది. అయినా రిజిస్టరు పక్కన పడేసి చీటీ మీద రాయం కదండీ” అంది.

“అదేనమ్మా ఈ పాఠం మొత్తం” అన్నారు సార్. ఆ అమ్మాయి మాటే బోర్డు పైన రాయించారు.

తర్వాత కాసేపు కీబోర్డులు ముట్టుకోనివ్వలేదు. కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాయమన్నారు. ఏ ట్యాగు ఒకటి కన్నా ఎక్కువసార్లు రావచ్చు? ఏది అసలు రాకపోవచ్చు? ఏది నిజంగా అంకె, ఏది అంకెల్లా కనిపించే పేరు? మూడో ప్రశ్న దగ్గర తరగతి ఆగింది. ఎక్స్‌ఎంఎల్‌లో అన్నీ అక్షరాలే. బిల్లులో పరిమాణం ఉంటే దాన్ని కూడాలి కాబట్టి అంకెగా మార్చాలి. 0713ను అంకె చేస్తే 713 అవుతుంది, ఆ కోడు ఇక పప్పుధాన్యాలది కాదు.

ఆ కాగితం చూసుకుంటూ రాసిన ప్రోగ్రాము పొడవు పది వరసలు దాటలేదు. ఫోర్‌ఈచ్ లూపుతో సరుకుల మీద నడవడం, ఒక్కోదాని పేరు, కోడు విడివిడిగా తీసి, మనం అనుకున్న ఆకారంలో అర్రేలో చేర్చడం. సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఇలా నడిస్తే సరుకు ఒకటున్నా, పదున్నా, అసలు లేకున్నా లూపు చెడదు. కోడులు తెర మీద కనపడగానే వెనక బెంచీ అబ్బాయి ముఖం వెలిగింది.

చివర్లో పెద్ద ఫైళ్ల సంగతి వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు ఎక్స్‌ఎంఎల్ డంపుగా ఉచితంగా దొరుకుతాయి. సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలంతా మెమరీలోకి లాక్కుంటుంది కనుక అంతటి డంపుకు అది పనికిరాదు. ఎక్స్‌ఎంఎల్ రీడరుతో ఒక్కో వ్యాసం దగ్గర ఆగి, కావలసింది తీసుకుని ముందుకు సాగాలి. దాన్ని ఇంటిపనిగా ఇచ్చారు.

అమీర్‌పేట చదువంటే బట్టీ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఈ తరగతిలో ఒక సాయంత్రం కూర్చోవాలి. మార్చే వరస ఏదో ఒకటి ఎవరైనా ఇస్తారు. ఆ మార్పులో ఏం రాలిపోయిందో పట్టుకునే కన్ను మాత్రం ఇలాంటి గదుల్లోనే తయారవుతుంది. అక్కడి పద్ధతి ఏ శిక్షణ కేంద్రమైనా రేపే మొదలుపెట్టవచ్చు, పైసా ఖర్చు లేదు. ఏ ప్రోగ్రామునైనా మూడు బిల్లులతో పరీక్షించాలి. ఒకదానిలో సరుకే ఉండకూడదు, ఒకదానిలో ఒక్కటే ఉండాలి, మూడోదానిలో చాలా ఉండాలి. మూడింటికీ అర్రే ఒకే ఆకారంలో వచ్చి, కోడులన్నీ మొదటి సున్నాతో సహా నిలిచాకే పాఠం పూర్తయినట్టు.